నలభై వేల లోపు హాలుకు టీవీ: అమ్మానాన్నలకూ మాకూ కుదిరేది ఎలా ఎంచుకోవాలి?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాము. పెళ్లయిన కొత్తలో కొన్న 32 అంగుళాల టీవీ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది కానీ, వచ్చే నెల నుంచి మా అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉండబోతున్నారు కనుక హాలుకు పెద్దది కొనాలనుకుంటున్నాము. నలభై వేలు దాటకూడదన్నది మా హద్దు. నాన్నగారు పొద్దునా సాయంత్రమూ తెలుగు వార్తలు చూస్తారు, అమ్మకు సీరియళ్లు కావాలి, పాప నిద్రపోయాక నేనూ నా భార్యా సినిమాలు చూస్తాము, క్రికెట్ ఉంటే అందరమూ కూర్చుంటాము.

రెండు వారాలుగా చదువుతున్నాను. క్యూఎల్‌ఈడీ, క్యూఎన్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, డాల్బీ విజన్ అనే పేర్లు పెరిగాయే తప్ప మా ఇంటికి ఏది కావాలో తేలలేదు. ఒక షోరూంలో 43 అంగుళాలు చాలన్నారు, ఇంకో చోట 55 కంటే తక్కువ కొంటే ఏడాది తిరగకుండానే బాధపడతారన్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

నల్లమల:
పెన్నాతీరం గారూ, బ్రాండు పేర్లు పక్కన పెట్టి ముందుగా మీరు టేపు పట్టుకుని మూడు కొలతలు తీయండి. టీవీ పెట్టే గోడ నుంచి సోఫాలో కూర్చున్న మనిషి కళ్ల దాకా ఎంత దూరం ఉంది, సోఫా కాకుండా ఇంకెక్కడెక్కడ కూర్చుంటారు, కిటికీ ఏ వైపు ఉంది అన్నవి తెలిస్తే సగం ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది.

తెర మన చూపులో సుమారు 30 డిగ్రీల మేర పరచుకుంటే సినిమా చూడటానికి హాయిగా ఉంటుందన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. దాని ప్రకారం 43 అంగుళాల టీవీకి ఆరు అడుగుల కంటే కాస్త తక్కువ, 50 అంగుళాలకు ఏడు అడుగుల కంటే కాస్త తక్కువ, 55 అంగుళాలకు సుమారు ఏడున్నర, 65 అంగుళాలకు తొమ్మిది అడుగులకు కాస్త లోపు దూరం సరిపోతుంది. 43కీ 55కీ మధ్య పన్నెండు అంగుళాలే కదా అనిపిస్తుంది కానీ, తెర వైశాల్యం చూస్తే 55 అంగుళాలది అరవై శాతానికి పైగా ఎక్కువ.

పెన్నాతీరం:
కొలిచాను. సోఫాలో కూర్చుంటే గోడకు సరిగ్గా ఎనిమిది అడుగులు. అయితే పక్క గోడకు ఆనించి ఒక దివాను ఉంది. అమ్మకు నడుము నొప్పి కనుక ఎక్కువగా దాని మీదే కూర్చుంటుంది. అక్కడి నుంచి టీవీ బాగా ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. బాల్కనీ తూర్పు వైపున ఉంది, టీవీ గోడ దానికి ఎదురుగా ఉంది. ఉదయం నాన్నగారు వార్తలు చూసే వేళకు ఎండ నేరుగా తెర మీదే పడుతుంది.

కొల్లేరు:
నేను కె.ఆర్. పురంలో చాలా ఏళ్లుగా టీవీల సర్వీసింగ్ చేస్తున్నాను. మీరు చెప్పినదానిలో అసలు విషయం ఆ దివాను. దూరాన్ని బట్టి చూస్తే 55 అంగుళాలు మీకు సరిపోతాయి, అందులో నాకు సందేహం లేదు. ఇక చూసుకోవలసింది ప్యానెల్ రకం. మీ ధరలో దొరికే ఎల్‌ఈడీ టీవీలన్నీ నిజానికి ఎల్‌సీడీ తెరలే, వెనుక వెలిగే దీపాలు మాత్రమే ఎల్‌ఈడీలు. ఆ ఎల్‌సీడీలో ప్రధానంగా రెండు జాతులు ఉన్నాయి. ఐపీఎస్ రకాన్ని పక్క నుంచి చూసినా రంగు పెద్దగా చెదరదు, కానీ దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, సుమారు వెయ్యికి ఒకటి మాత్రమే కనుక చీకటి గదిలో నలుపు బూడిద రంగుగా కనిపిస్తుంది. వీఏ రకంలో కాంట్రాస్ట్ మూడు వేల నుంచి ఆరు వేల దాకా ఉంటుంది, నలుపు నిండుగా ఉంటుంది, అయితే పక్కకు జరిగిన కొద్దీ ముఖాలు తెల్లబోయి రంగులు వెలిసిపోతాయి. మీ అమ్మగారు రోజూ మూడు గంటలు 45 డిగ్రీల నుంచి సీరియల్ చూస్తే, వీఏ తెరలో ఆవిడకు కనిపించేది మీరు డబ్బు పెట్టిన బొమ్మ కాదు.

క్యూఎల్‌ఈడీ అన్న మాట ప్యానెల్ జాతిని చెప్పదు. వెనుక దీపానికీ తెరకూ మధ్య క్వాంటమ్ డాట్ పొర ఒకటి ఉందని, దానివల్ల రంగుల పరిధి పెరుగుతుందని మాత్రమే చెబుతుంది. ఆ పేరుతో వీఏ కూడా వస్తుంది, ఐపీఎస్ కూడా వస్తుంది. ఇంకో సంగతి, ఒకే మోడల్ పేరుతో వచ్చే 50 అంగుళాల టీవీలో ఒక రకం, 55 అంగుళాల టీవీలో మరో రకం ప్యానెల్ ఉండటం మామూలే. అందుకే ఇంటర్నెట్‌లో ఎవరో 65 అంగుళాలది పరీక్షించి రాసినది చదివి 50 అంగుళాలది కొనకండి.

మంజీర:
కొల్లేరు గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. పెన్నాతీరం గారూ ఆయన భార్యా రాత్రి దీపాలు ఆర్పి సినిమాలు చూస్తామన్నారు. ఆ వేళలో ఐపీఎస్ తెర మీద చీకటి దృశ్యం వస్తే పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. నేను అదే పొరపాటు చేసి నాలుగేళ్లుగా అనుభవిస్తున్నాను. దివాను స్థానం మార్చవచ్చు, కొన్న తెరను మాత్రం మార్చలేము కదా. పెద్ద తెర ఓఎల్‌ఈడీ (వెనుక దీపం లేకుండా ఒక్కో చుక్కా తనే వెలిగే రకం) అయితే కోణమూ నలుపూ రెండూ దొరుకుతాయి కానీ, నలభై వేలలో దాని గురించి ఆలోచించనక్కరలేదు. పైగా రోజంతా వార్తా ఛానెల్ లోగో ఒకే మూల నిలిచి ఉండే ఇంట్లో ఓఎల్‌ఈడీ తెరకు శాశ్వతంగా మచ్చ పడే ప్రమాదం ఉంది.

కొల్లేరు:
మంజీర గారూ, సోఫాలో ఎదురుగా కూర్చుని రాత్రి చూసేవారికి వీఏ మేలన్నది నిజమే. అయితే ఆ ఇంట్లో టీవీ ఎక్కువ గంటలు వెలిగేది రాత్రి కాదు. నడుము నొప్పి ఉన్నావిడను ఆవిడకు అలవాటైన చోటు నుంచి కదిలించాలా వద్దా అన్నది వాళ్ల ఇంటి విషయం. చిన్న ఉపాయం ఒకటి చెబుతాను. సినిమా చూసేటప్పుడు టీవీ వెనుక గోడ మీద వెలుతురు పడేలా చిన్న దీపం వెలిగించుకుంటే ఐపీఎస్ తెరలోని బూడిద నలుపు కంటికి అంతగా తెలియదు.

శేషాచలం:
నేను ఉద్యోగ విరమణ చేసి మా అబ్బాయి దగ్గర హెచ్.ఎస్.ఆర్. లేఔట్‌లో ఉంటున్నాను. మీరంతా ప్యానెల్ గురించి రాస్తున్నారు, బాగానే ఉంది. మీ నాన్నగారి వయసు వాడిని కనుక ఆయన తరఫున మాట్లాడతాను.

మా అబ్బాయి ఎంతో ప్రేమగా పెద్ద టీవీ కొన్నాడు. దాని రిమోట్‌లో అంకెలు లేవు. ముప్పై ఏళ్లుగా ఛానెల్ నంబరు నొక్కి చూసిన చేతికి, బాణం గుర్తులు తోసుకుంటూ అడ్డదిడ్డంగా పరచిన బొమ్మల మధ్య వార్తలు వెతుక్కోవడం ఎంత అలసటో మీకు తెలియదు. తప్పు మీట నొక్కితే ఏదో యాప్ తెరుచుకుంటుంది, వెనక్కి రావడం తెలియదు, అబ్బాయి ఆఫీసు మీటింగులో ఉంటాడు, అడగడానికి మొహమాటం. రెండు నెలలు నేను పేపరుతోనే సరిపెట్టుకున్నాను. ఆ తరువాత మా కోడలు సెట్‌టాప్ బాక్సును తిరిగి కలిపి, టీవీని వెలిగించగానే నేరుగా ఆ బాక్సు ఉన్న హెచ్‌డీఎంఐ మీదకే వచ్చేలా సెట్టింగుల్లో మార్చి, నా చేతికి బాక్సు రిమోట్ మాత్రమే ఇచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఏ ఇబ్బందీ లేదు. హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సౌకర్యం ఉంటే బాక్సు వెలిగించగానే టీవీ కూడా వెలుగుతుందట. మీరు కొనే టీవీలో, మీ బాక్సులో అవి రెండూ కుదురుతాయో లేదో చూసుకోండి.

వినికిడి మరో సంగతి. ఈ పలుచని టీవీల స్పీకర్లు కింది వైపుకో వెనుక వైపుకో తిరిగి ఉంటాయి, మాటలు గోడకు కొట్టుకుని వచ్చి అలుక్కుపోతాయి. శబ్దం పెంచితే పాప లేస్తుంది. బొమ్మకు పెట్టే డబ్బులో నాలుగైదు వేలు తగ్గించుకుని అయినా మాట స్పష్టంగా వినిపించే చిన్న సౌండ్‌బార్ కొనండి.

నల్లమల:
శేషాచలం గారు రాసినది చదివాక నేను చెప్పాలనుకున్న మరో విషయం గుర్తుకొచ్చింది. మన దేశంలో మామూలు ఎస్‌డీ ఛానెల్‌లో బొమ్మకు 576 గీతలు ఉంటాయి, 4కె తెరలో 2160 గీతలు ఉంటాయి. ఉన్న ఒక్కో గీతను దాదాపు నాలుగు గీతలుగా సాగదీసి టీవీ నింపాలి. దానికి తోడు ఆ ఛానెళ్లను బాగా కుదించి పంపుతారు కనుక, 55 అంగుళాల మీద వార్తల కింద తిరిగే అక్షరాల చుట్టూ మకిలి కనిపిస్తుంది. కొత్త టీవీ పాడైందని చాలామంది సర్వీసు వాళ్లను పిలిచేది ఇక్కడే. అందుచేత హెచ్‌డీ బాక్సుకు మారి, కనీసం మీ నాన్నగారు చూసే రెండు మూడు ఛానెళ్లనైనా హెచ్‌డీలో తీసుకోండి. పాత ఎస్‌డీ బాక్సులు కొన్నింటికి హెచ్‌డీఎంఐ ఉండదు, ఎరుపు తెలుపు పసుపు తీగలే ఉంటాయి. కొత్త టీవీలలో వాటికి ప్రత్యేకంగా చిన్న పిన్ను తీగ కావాలి, ఒక్కోసారి ఆ దారి అసలు ఉండదు.

మీ పాత 32 అంగుళాల టీవీని ఎక్స్ఛేంజిలో ఇవ్వకండి. దాని తెర 768 గీతలదే అయి ఉంటుంది కనుక ఎస్‌డీ ఛానెల్ దాని మీద శుభ్రంగా కనిపిస్తుంది. ఎక్స్ఛేంజిలో వచ్చే వెయ్యి రూపాయల కంటే, అమ్మానాన్నల గదిలో అది చేసే సేవ విలువైనది.

మంజీర:
అది మంచి ఆలోచన. వార్తలూ సీరియళ్లూ గదిలోని చిన్న టీవీకి వెళితే హాలులోని తెర ఎంపిక కూడా మారుతుంది.

శేషాచలం:
మన్నించాలి, దానికి నేను ఒప్పుకోను. ఊరూ ఇరుగుపొరుగునూ వదిలి వచ్చిన పెద్దవాళ్లను టీవీతో సహా గదిలోకి పంపకండి. గదిలో ఒకటి ఉండనివ్వండి, కానీ హాలులోని టీవీ వాళ్లదీ అనుకుని కొనండి. నలుగురి మధ్య కూర్చుని చూడటానికే కదా వాళ్లు ఇంత దూరం వస్తున్నది.

పెన్నాతీరం:
శేషాచలం గారూ, మీ మాట సూటిగా తగిలింది. హాలులో అమ్మ కూర్చునే చోటును లెక్కలోంచి తీసేయను. ఇక హెచ్‌డీఆర్ గురించీ, 120 హెర్ట్‌జ్ గురించీ ఎవరైనా చెప్పగలరా? సేల్స్ కుర్రవాడు అవి లేకపోతే క్రికెట్ బంతి కనిపించదన్నాడు.

మంజీర:
బంతి కనిపిస్తుంది, కంగారు పడకండి. మన ప్రసారాలు 50 హెర్ట్‌జ్ పద్ధతిలో, అంటే సెకనుకు 50 సార్లు బొమ్మ మారేలా సాగుతాయి కనుక మామూలు 60 హెర్ట్‌జ్ ప్యానెల్ ఉన్న టీవీ కూడా సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే క్రికెట్‌ను చక్కగా చూపిస్తుంది. 120 హెర్ట్‌జ్ వల్ల నిజమైన మేలు ఆటల కన్సోల్ ఉన్నవారికీ, సెకనుకు 24 ఫ్రేముల సినిమాలలో కెమెరా పక్కకు తిరిగినప్పుడు వచ్చే కుదుపును భరించలేనివారికీ కలుగుతుంది, ఎందుకంటే 120ని 24 నిశ్శేషంగా భాగిస్తుంది, 60ని భాగించదు. పెట్టె మీద మోషన్ రేటు, క్లియర్ మోషన్ వంటి మాటల పక్కన ఉన్న అంకెను నమ్మకండి, ప్యానెల్ రిఫ్రెష్ రేటు ఎంతో విడిగా చూడండి.

హెచ్‌డీఆర్, అంటే వెలుగుకూ చీకటికీ తేడాను మరింతగా చూపే పద్ధతి, మీ ధరలో పేరుకే ఎక్కువ. హెచ్‌డీఆర్ సినిమాలను తరచుగా వెయ్యి నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగును ఉద్దేశించి తయారుచేస్తారు, ఈ ధరలో దొరికే చాలా టీవీలు మూడు వందల నిట్ల దగ్గరే ఆగిపోతాయి. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ దృశ్యాన్ని బట్టి వెలుగును సర్దుతాయి కనుక తక్కువ వెలుగు ఉన్న తెరకు కొంత సాయపడతాయి. శామ్‌సంగ్ టీవీలలో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. కేవలం దీనికోసం బ్రాండును వదులుకోవడం గానీ పట్టుకోవడం గానీ అనవసరం. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే అన్నిటికంటే ఖరీదైన ప్లాను ఉండాలి, కనీసం 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలి అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

తుంగభద్ర:
నేను బెళ్ళందూరులో అద్దెకు ఉంటున్నాను. గోడ గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. మా యజమాని రంధ్రాలు వేయవద్దని ఒప్పందంలోనే రాయించారు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడుతుందన్న భయంతో మేము బల్ల మీదే పెట్టుకోవాలనుకున్నాము. టీవీ ఇంటికి వచ్చాక తెలిసింది, దాని కాళ్లు మధ్యలో లేవు, రెండు చివరల్లో ఉన్నాయి. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, మా బల్ల మీటరు కూడా లేదు. మళ్లీ బల్ల కోసం ఏడు వేలు పెట్టవలసి వచ్చింది. కాళ్ల మధ్య దూరం ఎంతో కంపెనీ వెబ్‌సైటులో కొలతలతో ఇస్తారు, కొనే ముందే చూడండి.

గోడకు బిగించుకోవడానికి అనుమతి ఉంటే, అది ఏ గోడో తెలుసుకోండి. ఇక్కడి కొత్త అపార్టుమెంట్లలో హాలో బ్లాకు (లోపల డొల్లగా ఉండే ఇటుక) గోడలు ఉంటాయి, మైవాన్ (అచ్చులో పోతపోసిన) కాంక్రీటు గోడలూ ఉంటాయి. హాలో బ్లాకులో మామూలు ప్లాస్టిక్ గుల్ల పెట్టి మేకు బిగిస్తే అది కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. మీ ఇంట్లో చిన్నపాప ఉంది కనుక బల్ల మీద పెట్టినా సరే, టీవీని వెనుక నుంచి పట్టీతో కట్టి ఉంచండి.

కొల్లేరు:
తుంగభద్ర గారు చెప్పిన పట్టీ మాట చాలా ముఖ్యం. దానికి విద్యుత్తు సంగతి కలుపుతాను. ఇప్పటి టీవీలు హెచ్చుతగ్గుల వోల్టేజీని చాలావరకు తట్టుకుంటాయి, స్టెబిలైజరు అవసరం సాధారణంగా ఉండదు. మా దగ్గరకు మే నెలలో, ఉరుముల వానల తరువాత వచ్చే టీవీలలో ఎక్కువగా పోయేది పవర్ బోర్డు, లేదంటే హెచ్‌డీఎంఐ పోర్టు. డిష్ తీగ గుండా, ఇంటర్నెట్ తీగ గుండా కూడా ఆ దెబ్బ లోపలికి వస్తుంది. మంచి స్పైక్ గార్డు పెట్టండి, అయితే ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అది ఉన్నా లేనట్టే, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు ఆ తీగలను కూడా తీసేయండి.

ప్యానెల్ పగిలితే వారంటీ రాదు. కొత్తది వేయాలంటే తరచుగా టీవీ ధరలో సగానికి పైగానే అవుతుంది. పెట్టెను పడుకోబెట్టి తీసుకురానివ్వకండి, టెక్నీషియన్ వచ్చే దాకా తెరవకండి, తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. మా తమ్ముడికి ఆన్‌లైన్‌లో వచ్చిన టీవీలో లోపల గీత పగులు ఉంది. పెట్టె ముందే తెరిచారన్న కారణంతో అమ్మినవాళ్లు మార్చలేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు పెట్టాకే కదలిక వచ్చింది.

వంశధార:
ధర సంగతి నేను చెబుతాను. 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది. పాత పన్నుతో నలభై వేలు పలికిన టీవీ అసలు ధర 31,250, కొత్త పన్నుతో అది 36,875 కావాలి. అంతకు ముందు నాటి ధరను కొట్టేసి చూపించి ఇది మా ప్రత్యేక తగ్గింపు అంటే నమ్మకండి. నో కాస్ట్ ఈఎంఐలో కూడా బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు ముందే ధర తగ్గించి చూపిస్తారు, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీరే కట్టాలి. మొత్తం డబ్బు చేతిలో ఉంటే ఒకేసారి కట్టే ధర ఎంతో విడిగా అడగండి.

షోరూంకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవులో మీకు బాగా తెలిసిన సినిమా ముక్క ఒకటి, సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చినట్టుండే మామూలు వీడియో ఒకటి వేసుకుని వెళ్లండి. అక్కడ అన్ని టీవీలనూ వివిడ్ మోడ్‌లో పెట్టి, కళ్లు చెదిరే పూలూ చేపలూ చూపిస్తారు. సినిమా మోడ్‌లోకి మార్చమని అడిగి, ఆ తరువాత మనుషుల ముఖాలు చూడండి.

పెన్నాతీరం:
శనివారం అమ్మను కూడా వీడియో కాల్‌లో ఉంచి మూడు దుకాణాలు తిరిగాము. ఇక్కడ చెప్పినట్టే పెన్‌డ్రైవు పెట్టించి, సినిమా మోడ్‌లోకి మార్పించి, ఎదురుగా ఒకసారి, నాలుగు అడుగులు పక్కకు జరిగి ఒకసారి చూశాము. ఒకే ధర ఉన్న రెండు 55 అంగుళాల టీవీలలో ఒకటి పక్క నుంచి చూడగానే మనుషుల ముఖాలు పాలిపోయాయి, రెండోది మారలేదు. ఎదురుగా చూస్తే మాత్రం మొదటిదే బాగుంది, మంజీర గారి మాట నిజమే. నా భార్య చాలాసేపు మొదటిదాని ముందే నిలబడింది. చివరికి తనే, రాత్రి సినిమా వారానికి రెండు రోజులు, అత్తయ్య సీరియల్ రోజూ కదా అంది.

రెండోది తీసుకున్నాము. 36,500 అయింది, మిగిలినదానికి కొంచెం కలిపి చిన్న సౌండ్‌బార్ కొని, టీవీ శబ్దాన్ని బయటికి పంపే ఏఆర్‌సీ పోర్టుకు కలుపుకున్నాము. బ్రాండు పేరు కావాలని రాయడం లేదు, అదే పేరుతో ఉన్న 50 అంగుళాల టీవీని పక్కనే పెట్టి చూస్తే పక్క నుంచి రంగులు వెలిసిపోయాయి. పేరు చూసి ఎవరైనా ఆ చిన్నది కొంటారన్న భయం.

మంజీర:
శుభం. వెనుక దీపం మాత్రం మరచిపోకండి.

పెన్నాతీరం:
నిన్నటికి అమ్మానాన్నలు వచ్చి పది రోజులు. తూర్పు ఎండకు బాల్కనీకి మందపాటి తెర కట్టాము, వివిడ్ మోడ్ తీసేశాము, సినిమాలు నాటకంలా జారిపోతున్నట్టు అనిపించే మోషన్ స్మూతింగ్ ఆపేశాము. టీవీ వెనుక పసుపు దీపం పెట్టాము. బాక్సును హెచ్‌డీకి మార్చి, నాన్నగారి చేతికి దాని రిమోట్ ఒక్కటే ఇచ్చాము. పాత టీవీ వాళ్ల గదిలోనే ఉంది, ఇప్పటిదాకా ఎవరూ వెలిగించలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. నాన్నగారికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపితే సౌండ్‌బార్ ఆగిపోతోంది, మిగతావారికి వినబడటం లేదు. రెండూ ఒకేసారి పలికే మార్గం ఉందా, కొల్లేరు గారూ?

కొల్లేరు:
చాలా టీవీలు రెంటిలో ఒకదానికే శబ్దం పంపుతాయి. సెట్టింగుల్లో సౌండ్ అవుట్‌పుట్ దగ్గర రెండూ కలిపి ఎంచుకునే వీలు ఉందేమో చూడండి. లేకపోతే సెట్‌టాప్ బాక్సు వెనుక ఆడియో అవుట్ ఉంటే దానికి చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ పెట్టి నాన్నగారి హెడ్‌ఫోన్‌ను దానితో జత చేయవచ్చు. అప్పుడు టీవీ శబ్దం సౌండ్‌బార్‌కు దాని దారిలో అది వెళుతుంది. మీ బాక్సు వెనుక భాగం ఫోటో పెట్టండి, ఏ పిన్ను కావాలో చెబుతాను.